దోమ కుట్టింది ఎన్నింటికి?

చిన్నప్పుడు "దోమలు కుట్టేస్తున్నాయి నాన్నా" అని మొరపెట్టుకుంటే మా నాన్న ముందు అడిగేది "ఎన్నింటికి కుట్టింది?" అని. కాళ్ళు బరబరా గోక్కుంటున్న పిల్లని పట్టుకుని ఈ ఆరా ఏవిటో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన గోదావరి జిల్లాలో ఫైలేరియా, అంటే బోదకాలు, విభాగంలో ఫీల్డ్ ఉద్యోగం చేసేవారు. పొడుగుకాడ ఉన్న తెల్ల ఎనామిల్ గరిటె ఒకటి సైకిలు క్యారేజీకి కట్టుకుని ఊళ్ళో మురుగ్గుంటలన్నీ తిరిగేవారు. కొన్ని రోజులు రాత్రి తొమ్మిది దాటాక బయల్దేరి, జనం పక్కలు వేసుకునే వేళకి ఇంటింటికీ వెళ్ళి, వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపు బొట్టు తీసుకొచ్చేవారు. "పగలు తియ్యొచ్చుగా, నిద్రలు పాడుచేసి ఈ పనేంటి?" అని మా అమ్మ విసుక్కునేది. బోదకాలు పురుగు పిల్లలు పగలంతా ఒంట్లో లోపలెక్కడో దాక్కుని రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి. వాటిని మోసుకెళ్ళే దోమ రాత్రే కుడుతుంది కాబట్టి. "దొంగా దొంగా టైము కుదుర్చుకున్నారే" అనేవారు నాన్న.

ఆ ప్రశ్న విలువ నాకు తెలిసొచ్చింది 2017 అక్టోబరులో. మా అబ్బాయికి డెంగీ వచ్చింది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాక నా కోపమంతా మా వీధి మురుక్కాలవ మీదికి మళ్ళింది. ఫోను మీద ఫోను చేసి బ్లీచింగ్ చల్లించాను, పొగ బండి తెప్పించాను. మనవణ్ణి చూడ్డానికొచ్చిన నాన్న ఆ కాలవ వైపు కన్నెత్తి కూడా చూళ్ళేదు. తిన్నగా వంటింట్లోకెళ్ళి, ఫ్రిజ్జు ముందుకి జరిపించి, వెనక్కి టార్చి వేసి చూశారు. కంప్రెసర్ మీద ఒక ప్లాస్టిక్ ట్రే ఉంటుందండి, ఫ్రిజ్జులో మంచు కరిగిన నీళ్ళు అందులోకి దిగుతాయి. అలాంటిదొకటి ఉందని కొన్న పదకొండేళ్ళలో నాకు తెలీదు. ఆయన దాన్ని మెల్లిగా లాగి, అందులో నీళ్ళు తెల్ల పింగాణీ ప్లేటులోకి వంచారు.

మొదట ఏమీ కనపళ్ళేదు. దుమ్ముదుమ్ముగా కొంచెం నీళ్ళు, అంతే. కదలకుండా ఉండమన్నారు. రెండు నిమిషాలకి ఒక్కొక్కటీ పైకి తేలాయి. బియ్యపుగింజంత పొడవు కూడా లేవు, దారప్పోగులంత సన్నం, తోక నీటి పైకి ఆనించి తల కిందికి వేలాడుతున్నాయి. నేను బాగా చూద్దామని వంగానో లేదో, నా నీడ పడగానే అన్నీ ఒక్కసారి మెలికలు తిరుగుతూ అడుక్కి దూకేశాయి. వాటి మధ్యలో రెండు మూడు కామా గుర్తులా వంకరగా, తల లావుగా ఉన్నవి దొర్లుతున్నాయి. "ఇవి రేపో ఎల్లుండో ఎగిరిపోయేవి" అన్నారు నాన్న. లెక్కపెడితే మొత్తం ఇరవై మూడు. కాలవకి బ్లీచింగ్ చల్లిస్తూ, ఇంట్లో పొయ్యికి మూడడుగుల దూరంలో డెంగీ దోమని పెంచుతున్నాను నేను.

మావాణ్ణి ఆ ట్రేలో పుట్టిందే కుట్టిందని రుజువేం లేదు. బళ్ళో కుట్టి ఉండొచ్చు, పక్కింట్లో కుట్టి ఉండొచ్చు. కానీ ఆ రోజు నుంచి నాకొక సంగతి బుర్రకెక్కింది. దోమలన్నీ ఒకటి కాదు. ఒక్కోదానికి ఒక్కో వేళ, ఒక్కో నీరు. అది తెలుసుకోకుండా మనం డబ్బు ఒకచోట పోస్తాం, అది ఇంకోచోట పుడుతుంది.

ఏ దోమో ముందు తేల్చుకోండి

పొద్దున్న పిల్లలు బడికి తయారయ్యే వేళ, మళ్ళీ సాయంత్రం దీపాలు పెట్టే ముందు కుట్టిందంటే అది ఏడిస్. నల్లగా ఉంటుంది, కాళ్ళకి తెల్లటి పట్టీలు పెట్టుకున్నట్టుంటుంది. మా ఇంట్లో పట్టీల దోమ అనే అంటాం. మంచం కింద, బల్ల కింద, తగిలించిన బట్టల మడతల్లో నక్కి ఉంటుంది. చీలమండ దగ్గర, మోచెయ్యి వెనకాల కుడుతుంది. చెవి దగ్గర పాట పాడదు, అందుకని కుట్టాకే తెలుస్తుంది. దీనికున్న పెద్ద దుర్గుణం ఏంటంటే ఒక్కరి దగ్గర కడుపు నింపుకోదు. కాస్త కదిపితే లేచి పక్కవాళ్ళ మీద వాలుతుంది, వాళ్ళు కదిలితే మూడోవాళ్ళ మీద. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వరసగా మంచమెక్కేది ఇందుకే. డెంగీ, చికున్‌గున్యా రెండూ దీని చలవే. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మా వీధిలో సగంమంది గోడలు పట్టుకుని నడిచారు, మా అత్తగారికి వేళ్ళ కణుపుల నెప్పులు ఏడాదైనా పోలేదు.

ఈ పట్టీల దోమ మురుగులో గుడ్లు పెట్టడం అరుదు. దానికి మనం వాడుకునే నీళ్ళు కావాలి, అవి ఏదో ఒక పాత్రలో ఉండాలి. ఇంకోటి, ఎక్కువ దూరం ఎగరదు. మామూలుగా వంద, రెండొందల మీటర్ల లోపలే తిరుగుతుంది. అంటే మిమ్మల్ని పగలు కుట్టిన దోమ మీ ఇంట్లోదో, మహా అయితే నాలుగిళ్ళ అవతలదో. మున్సిపాలిటీని తిట్టే ముందు పెరడు చూసుకోవాలి.

రాత్రి లైటార్పగానే చెవి దగ్గర జుయ్యిమంటూ తిరిగేది క్యూలెక్స్. గోధుమరంగు, పట్టీలూ గిట్టీలూ ఏం ఉండవు. బోదకాలు మోసేది ఇదే. దీనికి మురుగు ఎంత చిక్కగా ఉంటే అంత ఇష్టం. కదలని కాలవలు, సెప్టిక్ ట్యాంకులు, వాడిన నీళ్ళు నిలిచే గుంటలు దీని పుట్టిళ్ళు. ఇది కిలోమీటరు దాటి కూడా ఎగిరొస్తుంది కాబట్టి దీని విషయంలో మాత్రం ఊరిని తిట్టుకోవచ్చు.

మూడోది మలేరియాది, అనాఫిలిస్. ఇదీ రాత్రిదే. గోడ మీద వాలిన తీరు చూసి పట్టెయ్యొచ్చు. మిగతా దోమలు గోడకి సమంగా గూని పెట్టుకుని కూర్చుంటే, ఇది తల గోడకి ఆనించి వెనక భాగం పైకి లేపి, ఏటవాలుగా మేకు దిగేసినట్టు ఉంటుంది. రెక్కల మీద మచ్చలుంటాయి. పల్లెల్లో పిల్లకాలవలు, పొలాల్లో నిలిచిన నీళ్ళు. పట్నంలో బావులు, మూత సరిగాలేని ఓవర్‌హెడ్ ట్యాంకులు దీనికి కావాలి. లార్వా, అంటే నీళ్ళలో మెలికలు తిరిగే దోమపిల్ల, కూడా వేరుగా ఉంటుంది. క్యూలెక్స్, ఏడిస్ లార్వాలు తలకిందులుగా వేలాడితే, దీనిది నీటి పైన అడ్డంగా, గడ్డిపరక తేలినట్టు పడుకుని ఉంటుంది.

మా ఇంట్లో ఆగస్టు 15 అయ్యాక ఆగస్టు 20 కూడా గుర్తుచేసుకునేవాళ్ళం, నాన్న పుణ్యమా అని. 1897లో ఆ రోజే సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు ఈ మచ్చల రెక్కల దోమ పొట్ట కోసి, మైక్రోస్కోపు కింద అందులో మలేరియా క్రిమిని చూశాడు. దాని కోసం హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగికి కుట్టిన దోమకి అణా చొప్పున ఇచ్చి కుట్టించాడట. "మనకి ఊరికే కుట్టేసి పోతున్నాయి, ఆయనకి అణా గిట్టింది" అని నాన్న ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవారు. రాస్ పనిచేసిన ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

కొల్లేరు వైపు, లంకల వైపు చెరువుల పక్కనుండేవాళ్ళకి ఇంకో రకం కూడా తెలిసే ఉంటుంది, మాన్సోనియా. దాని లార్వా గాలి కోసం పైకి రాదు, అంతరతామర, గుర్రపుడెక్క వేళ్ళకి గొట్టం గుచ్చి అందులో గాలి పీల్చుకుంటుంది. అక్కడ నీళ్ళ మీద నూనె చల్లి లాభం లేదు, ఆ మొక్కే పీకి పారెయ్యాలి.

శుక్రవారమే ఎందుకు

గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి దోమ ఎగిరేదాకా మన ఎండలకి ఏడు నుంచి పది రోజులు. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగులుతుంది, నాలుగైదు రోజులు లార్వా, రెండు రోజులు ఆ కామా ఆకారం. అంటే వారానికోసారి నీళ్ళు పారబోస్తే చాలు, ఒక్కటి కూడా రెక్కలు తొడుక్కోదు. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్యశాఖవాళ్ళు చెప్పేది ఈ లెక్క మీదే. తెలంగాణలో ఆదివారం పొద్దున్న పదింటికి పది నిమిషాలు అన్నారు. ఏ వారమైతేనేం, మధ్యలో మానకూడదు. మా ఇంట్లో శుక్రవారం గడప కడిగే రోజు కాబట్టి ఆ చేత్తోనే అదీ అయిపోతుంది.

పారబొయ్యడంతో పని అయిపోదన్నది మాత్రం గట్టిగా చెప్పాలి. పట్టీల దోమ గుడ్లు నీళ్ళలో పెట్టదు. నీటి అంచుకి కాస్త పైన, తడిగోడకి అంటిస్తుంది. మసి చుక్కల్లా ఉంటాయి, వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి. నీళ్ళు పారబోసి తొట్టి బోర్లించినా అవి అలాగే అంటుకుని ఎండిపోయి నెలల తరబడి బతికుంటాయి. మళ్ళీ మొదటి వాన పడి నీళ్ళు ఆ అంచుకి చేరగానే పగులుతాయి. తొలకరి పడిన వారం పది రోజులకి ఎక్కణ్ణుంచో దోమలు ఊడిపడ్డట్టు వస్తాయి చూడండి, అవి కిందటేడు మనం కడగని తొట్లలోవి. అందుకని కొబ్బరి పీచు పెట్టి లోపలి గోడలు, ముఖ్యంగా నీటి గీత ఉన్న దగ్గర, గట్టిగా తోమాలి.

నేను తిరిగే వరస చెప్తాను. చేతిలో టార్చి, నాన్న గరిటె. గరిటె లేనివాళ్ళు తెల్ల ప్లేటు ఏదైనా తీసుకోండి, స్టీలు మెరుపులో లార్వా కనపడదు.

ముందు వంటిల్లు. ఫ్రిజ్జు ట్రే. కొన్ని ఫ్రిజ్జులకి ట్రే ఊడి రాదు, అప్పుడు పాతగుడ్డతో నీళ్ళు అద్ది తీసి లోపల తుడవాలి. ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టండి. బీరువా, గూళ్ళ కాళ్ళకి చీమలెక్కకుండా నీళ్ళ పళ్ళాలు పెట్టుకునేవాళ్ళు నీళ్ళకి బదులు వాడేసిన నూనె పొయ్యండి. మనీప్లాంటు సీసా నీళ్ళు మార్చేటప్పుడు వేళ్ళు కూడా కుళాయి కింద కడగండి, గుడ్లు అక్కడా ఉంటాయి. నేనైతే విసుగొచ్చి మట్టిలో పాతేశాను.

తర్వాత బాత్రూములు. అందరం వాడేదానితో ఇబ్బంది లేదు. చుట్టాలొస్తే తప్ప తెరవని గది ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని కమోడ్‌లో నీళ్ళు, నేల మీద జాలీ కింద గిన్నెలో నీళ్ళు నెలల తరబడి కదలవు. వారానికోసారి ఫ్లష్ చేసి, జాలీలో బకెట్ నీళ్ళు కొట్టి, పైన ఒక మూత బోర్లిస్తే సరి.

పెరట్లో నాకు ఎక్కువసేపు పడుతుంది. మాకు కడియం దగ్గర కాబట్టి ఎప్పుడెళ్ళినా రెండు మొక్కలు కొనకుండా రాలేను, ప్రతి కుండీ కింద ఒక పళ్ళెం. ఆ పళ్ళాలన్నీ తీసేసి ఇటుక ముక్కల మీద ఎత్తు పెట్టాను, కారిన నీళ్ళు నేలలో ఇంకిపోతాయి. పిచ్చుకలకి పెట్టే మూకుడు రెండు రోజులకోసారి తోమాలి. తాగేసిన కొబ్బరిబోండాలు, కొబ్బరి చిప్పలు వెల్లకిలా పడి ఉంటే ఒక్కో చిప్ప ఒక్కో చెరువు. మా అత్తగారింట్లో పాత రాతి రోలు ఉండేది, వానాకాలం అంతా నిండుగా నీళ్ళు. బోర్లిద్దామంటే నలుగురు పట్టినా లేవదు, అమ్మేద్దామంటే ఆవిడ ఒప్పుకోరు. చివరికి ఇసకా మట్టీ నింపి తమలపాకు తీగ పెట్టాం. రోలు ఆవిడది, తీగ నాది, దోమకి ఏం మిగల్లేదు.

ఎండాకాలం అయ్యాక ఎయిర్ కూలర్‌ని మూలకి తోసేస్తారు. లోపల అడుగున రెండంగుళాల నీళ్ళు ఉండిపోతాయి. పూర్తిగా వంపి, తోమి, ఆరబెట్టి, గడ్డి పలకలు తీసి పారేశాకే లోపల పెట్టండి. గుడ్లు ఆ గడ్డికి కూడా అంటుకుంటాయి. ఏసీ నీళ్ళు పట్టే బకెట్టు సంగతీ ఇంతే.

పైకెక్కితే ట్యాంకు. మూత ఉంటే సరిపోదు, అది బిగుతుగా కూర్చోవాలి. నీళ్ళు నిండాక బయటికి పోయే గొట్టం మూతికి నైలాన్ వల కట్టాలి. సంపు మూత సందుల్లో పాతగుడ్డ కుక్కితే అదీ సరే.

ఇక సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకసారి నాన్న మా ఇంటి గొట్టం మూతికి చిరిగిన దోమతెర గుడ్డని సంచిలా కుట్టి సందెవేళ కట్టేశారు. పొద్దున్న చూస్తే ఆ సంచి లోపల గుడ్డ రంగు కనపడకుండా దోమలు. ఒక్క రాత్రికి, ఒక్క గొట్టంలోంచి. రాత్రి దోమ గురించి బాధపడేవాళ్ళు ఇంకేం చేసినా చెయ్యకపోయినా ఆ గొట్టానికి వల కట్టి, ట్యాంకు మూతల సందులు సిమెంటుతో పూడ్చండి. ఎండకి నైలాను పెళుసైపోతుంది, ఆరునెల్లకోసారి మార్చాలి.

పారబొయ్యడానికి వీల్లేని నీళ్ళుంటాయి. మా కలువ తొట్టిలో గప్పీ చేపలు నాలుగు వేశాను, ఇప్పుడవి ఎన్నున్నాయో నాకే తెలీదు. లార్వా మిగలనివ్వవు. గంబూషియా చేపల్ని కూడా ఇందుకే వదులుతారు గానీ అవి మిగతా చేపల గుడ్లు, కప్ప పిల్లల్ని కూడా తినేస్తాయి, మీ అంతట మీరు తెచ్చి చెరువుల్లో వదలొద్దు. మురుగ్గుంట పూడ్చలేకపోతే, రంపపు పొట్టుని వాడేసిన ఇంజన్ ఆయిల్లో నానబెట్టి గుడ్డమూటలు కట్టి వేస్తారు. ఆయిల్ బాల్స్ అని మున్సిపాలిటీ వాళ్ళు వేసేవి అవే. నూనె పైన పల్చటి పొరలా పరుచుకుంటే లార్వాకి ఊపిరాడదు. తాగే నీళ్ళలో, చేపలున్న నీళ్ళలో మాత్రం ఈ ప్రయోగాలు వద్దు. ఆరోగ్య సిబ్బంది వచ్చి తొట్టిలో మందు వేస్తామంటే వేయించుకోండి, వాళ్ళ దగ్గర కొలత ఉంటుంది.

సందెవేళ తలుపు

రాత్రి దోమ ఇంట్లోకి జొరబడేది ముఖ్యంగా పొద్దుగుంకే వేళ. ఆ గంటసేపు తలుపులు, కిటికీలు మూసేస్తే సగం గొడవ వదులుతుంది. కానీ మా అత్తగారి శాస్త్రం ప్రకారం సందెవేళ వీధి తలుపు మూస్తే లక్ష్మి గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. పెరటి తలుపు మాత్రం వేసెయ్యాలి. పెళ్ళయిన కొత్తల్లో దీని మీద మా ఇద్దరికీ ప్రచ్ఛన్న యుద్ధమే నడిచింది. ఆవిడ తియ్యడం, నేను వెయ్యడం. చివరికి వీధి గుమ్మానికి జాలీ తలుపు పెట్టించాం. లక్ష్మి జాలీలోంచి వస్తుందా అని ఆవిడ అనుమానపడ్డారు గానీ, డెంగీ ఆసుపత్రి బిల్లు చూశాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

జాలీ పెట్టించేటప్పుడు మేస్త్రీని తొందరపెట్టకండి. తలుపు కింద అర అంగుళం సందు వదిలితే పెట్టించిన డబ్బంతా దండగ, కింద బ్రష్షు పట్టీ వేయించండి. కిటికీలకి వెల్క్రోతో అంటించే నెట్టు చవకే, కానీ ధూళికి ఏడాదిలో పట్టు వదిలేస్తుంది. బాత్రూము వెంటిలేటర్ మర్చిపోవద్దు, అందరూ అదే మర్చిపోతారు.

దోమతెరని మించింది నాకింకా కనపళ్ళేదు. చదరపు అంగుళానికి 156 కన్నాలుండేది చూసి కొనండి, తెల్లది అయితే లోపల దూరింది కనిపిస్తుంది. అంచులు పరుపు కింద దోపాలి. ఊరికే కిందికి వేలాడదీస్తే పొద్దున్నకి మూలన ఒకటి నెత్తురు తాగి కదల్లేక కూర్చుని ఉంటుంది. మోకాలో మోచెయ్యో తెరకి ఆనితే బయటినుంచే కుడుతుంది, అందుకని మంచం కంటే కాస్త పెద్దదే తీసుకోండి. పగటి దోమ ఉంది కదా, మధ్యాహ్నం పడుకునే పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ కూడా తెర వెయ్యండి.

కొనేవి, కొనక్కర్లేనివి

ఫ్యాను చాలా మంచి మందు. దోమ గట్టిగా ఎగరలేదు, గంటకి రెండు మూడు కిలోమీటర్లకి మించదు. కాళ్ళ వైపు టేబుల్ ఫ్యాను పెట్టుకుంటే నిలబడలేదు.

కాయిల్స్ మేం మానేశాం. తలుపులేసిన గదిలో ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకి సమానమని కొలిచి చూశారు. ఇంట్లో ఆయాసం మనిషి ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. ప్లగ్గుకి పెట్టే లిక్విడ్ దానికంటే నయం, అదీ కిటికీ కొంచెం తీసి. బజార్లో మూలికలని చెప్పి అమ్మే దోమల ఊదుబత్తులున్నాయే, పెట్టగానే దోమలు టపటపా రాలిపోతాయి. వేపాకుకి అంత బలం ఉంటే మన తాతలు ఇంత బాధ ఎందుకు పడతారు? అలాంటి వాటిలో అనుమతిలేని పురుగుమందులు దొరికాయి. డబ్బా మీద మందు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ముట్టుకోకండి.

వేపాకు పొగ, సాంబ్రాణి దోమని కాసేపు తరుముతాయి, చంపవు. చెవికి వినపడని శబ్దంతో తరిమేస్తామనే మిషన్లు, ఫోను యాప్‌లు ఉత్తవి. నీలం లైటు పెట్టెలో చచ్చేవి ఎక్కువగా దీపప్పురుగులే. కుండీలో నిమ్మగడ్డి పెంచుకుంటే టీకి పనికొస్తుంది. పొగ బండి ఆ నిమిషాన ఎగురుతున్న దోమల్నే చంపుతుంది, నీళ్ళలో ఉన్నవాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. బండి వచ్చినప్పుడు పిల్లల్ని దాని వెనక పరిగెత్తనివ్వకండి, మేం చిన్నప్పుడు పరిగెత్తాం అనుకోండి.

ఒంటికి రాసుకునే క్రీముల్లో డీట్ గానీ, పికారిడిన్ గానీ ఉన్నవి పనిచేస్తాయి. బడికి పంపేటప్పుడు పిల్లల చీలమండలకి, మోచేతులకి మీరే రాయండి, వాళ్ళ అరచేతుల్లో పెట్టొద్దు, కళ్ళల్లో పెట్టుకుంటారు. రెండు నెలల లోపు పిల్లలకి ఏదీ రాయకూడదు, తెరే గతి. దోమల బ్యాటు మాత్రం నేను వద్దన్నా మావారు ఒప్పుకోరు. రాత్రి తొమ్మిదింటికి టీవీ ముందు కూర్చుని టప్, టప్ అనిపిస్తుంటే ఆయన ముఖంలో వెలుగు చూడాలి.

జ్వరం వస్తే

నేను డాక్టర్ని కాదు, నాకు తగిలిన దెబ్బ మేరకి చెప్తున్నాను. వానాకాలంలో హఠాత్తుగా పెద్ద జ్వరం, కళ్ళ వెనక నెప్పి, ఒళ్ళునెప్పులు ఉంటే పారాసెటమాల్ తప్ప ఏ నెప్పి బిళ్ళా వెయ్యొద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి డెంగీలో రక్తస్రావం తెచ్చిపెడతాయి. డెంగీయేనా అని తేల్చడానికి మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1 రక్తపరీక్ష, తర్వాత అయితే ఐజీఎం పరీక్ష అని డాక్టర్లు రాస్తారు. మేం చేసిన పొరపాటు ఏంటంటే, నాలుగో రోజు జ్వరం తగ్గగానే హమ్మయ్య అనుకున్నాం. అసలు గండం అప్పుడే మొదలవుతుందట. జ్వరం దిగే వేళ కడుపు నెప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, మగత, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏది కనపడినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మావాడు ఆ సాయంత్రం వాంతుల మీద వాంతులు చేసుకున్నాడు. ఎవరో చెప్పారని బొప్పాయి ఆకు రసం పోస్తే ఇంకా చేసుకున్నాడు. మళ్ళీ ఎవరికీ పొయ్యలేదు.

జ్వరపు మనిషిని పగలు కూడా తెరలోనే పడుకోబెట్టండి, ముఖ్యంగా మొదటి ఐదారు రోజులు. అప్పుడు వాళ్ళ రక్తంలో డెంగీ క్రిమి ఉంటుంది, ఇంట్లో పట్టీల దోమ వాళ్ళని కుడితే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో దానికి అంటించే శక్తి వస్తుంది. ఆ తర్వాత అది బతికున్నన్నాళ్ళూ అందర్నీ కుడుతూనే ఉంటుంది. తెర కట్టేది రోగి కోసం కాదు, పక్కన కూర్చున్న మన కోసం.

ఇంత చేసినా పక్క స్థలంలో ఇల్లు కడుతుంటే మన శ్రమంతా వృథా. క్యూరింగ్ కోసం శ్లాబు మీద కట్టిన మడుల్లో, లిఫ్టు గుంటలో, నీళ్ళ డ్రమ్ముల్లో దోమల జాతర. పోయినేడు మా పక్కన కడుతుంటే మొదట ఓనరుతో గొడవపడ్డాను, పని జరగలేదు. తర్వాత ఒక గ్లాసులో వాళ్ళ డ్రమ్ము నీళ్ళే ముంచి, వాచ్‌మన్ భార్య చేతికిచ్చి వెలుతుర్లో చూడమన్నాను. చంకలో ఏడాది పిల్లాడు. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆ డ్రమ్ములన్నిటికీ సిమెంటు బస్తాల గుడ్డ మూతలు కట్టింది.

కిందటి శుక్రవారం లెక్క కూడా చెప్పేస్తాను. ఫ్రిజ్జు ట్రే పొడి. కుండీలు శుభ్రం. ట్యాంకు సరే. గరిటెలో దొరికినవి ఏడు, మావారి పాత స్కూటరు మీద కప్పిన టార్పాలిన్ మడతలో, రెండు గ్లాసుల వాన నీళ్ళలో. ఆ స్కూటరు నాలుగేళ్ళుగా స్టార్టు కాదు. అమ్మేస్తే పోతుంది కదా అన్నాను. ఆయన టార్పాలిన్ తీసి మడతపెట్టి అటక మీద పెట్టారు.